పొర్లుకట్ట మీద కాలిబాట: నెల్లూరు పెన్నా తీరపు నడకదారులు – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

నెల్లూరు నగరానికి పడమట జొన్నవాడ, నరసింహకొండల నుంచి తూర్పున సముద్రతీరం వరకు పెన్నా నది వెంట, బకింగ్‌హాం కాలువ వెంట ఉన్న కాలిబాటలు ఏయే అవసరాల వల్ల ఏర్పడ్డాయో, వాటి మీద నడిచే హక్కు ఏయే కాలాల్లో ఎవరికి ఎలా లభించిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ తీరంలోని పచ్చదనం, నడకదారి రెండూ ప్రధానంగా శ్రమ ఫలితాలనీ, కట్టను కాపాడే బాధ్యతకూ కట్ట మీద నడిచే హక్కుకూ చారిత్రక సంబంధం ఉందనీ ప్రతిపాదిస్తుంది. నేటి నదీతీర అభివృద్ధి ఆలోచనలు ఈ సంబంధాన్ని గుర్తించవలసిన అవసరాన్ని చర్చిస్తుంది.

కీలకపదాలు: పెన్నా నది, పొర్లుకట్ట, పుల్లరి, బకింగ్‌హాం కాలువ, పోరంబోకు, యానాదులు, పల్లెపాడు ఆశ్రమం, నడకహక్కు.

1. ఉపోద్ఘాతం

నెల్లూరు చరిత్ర అనగానే రాజవంశాలు, కవులు, సేద్యపు కట్టడాలు స్ఫురిస్తాయి. మనుమసిద్ధి కొలువు, తిక్కన భారతం, పెన్నా ఆనకట్ట, మొలగొలుకుల బియ్యం ఈ వరుసలోనివే. వీటన్నిటికీ అడుగున ఉన్న ఒక సాధారణ విషయాన్ని మాత్రం ప్రత్యేకంగా పట్టించుకోవడం అరుదు. అది నడక. రైలు, మోటారు వాహనం రాకముందు ఈ ప్రాంతంలో ధాన్యం, ఉప్పు, కట్టెలు, పశువులు, భక్తులు, వార్తలు కదిలింది కాలినడకన, లేదా నడిచే మనిషి తోలే బండి మీద, లేదా నడిచే మనిషి లాగే పడవ మీద. నడిచినవారు రాతలో మిగలలేదు. వారు నడిచిన దారులు మాత్రం కట్టలుగా, డొంకలుగా, రేవులుగా నేల మీద మిగిలాయి.

నగరాలను ఆనుకొని ఉన్న నదీతీరాలను నడకబాటలుగా, ఉద్యానాలుగా మలచాలన్న ఆలోచన ఇటీవల దేశమంతటా బలపడింది. నగరవాసికి గాలి, నీడ, నడక కావాలన్న కోరిక న్యాయమైనదే. కానీ ఆ ఆలోచన తరచుగా నదీతీరాన్ని ఖాళీ జాగాగా భావించి మొదలవుతుంది. నెల్లూరు తీరం ఏనాడూ ఖాళీగా లేదు. అక్కడ ఇప్పటికే బాటలున్నాయి, వాటికి పేర్లున్నాయి, వాటి మీద నడిచిన సమూహాలున్నాయి, నడవకుండా అడ్డగింపబడిన సమూహాలూ ఉన్నాయి. ఈ చరిత్ర తెలియకుండా వేసే కొత్త బాట పాత బాటను చెరిపివేసే ప్రమాదం ఉంది. ఈ వ్యాసానికి ప్రేరణ అదే.

13వ శతాబ్దం నుంచి నేటి వరకు ఉన్న కాలాన్ని ఈ పరిశీలన స్థూలంగా తీసుకుంటుంది. వీరగాథలు, క్షేత్రసంప్రదాయాలు, సేద్యపు కట్టడాల చరిత్ర, వలసపాలన నాటి చట్టాలు, రెవెన్యూ పరిభాష ఇందుకు ఆధారాలు. నడకదారి కోసం ప్రత్యేకంగా రాసిన గ్రంథం లేదు కనుక, వేరే ప్రయోజనం కోసం పుట్టిన ఆధారాలలో బాట ఎక్కడ కనిపిస్తుందో వెతకడమే ఇక్కడ అనుసరించిన పద్ధతి.

2. నది స్వభావం – కట్ట అవసరం

పెన్నా నది కర్ణాటకలోని నందికొండల ప్రాంతంలో పుట్టి, అనంతపురం, కడప సీమలను దాటి, సుమారు 597 కిలోమీటర్లు ప్రవహించి నెల్లూరు జిల్లాలోని ఊటుకూరు సమీపంలో బంగాళాఖాతంలో కలుస్తుంది. నెల్లూరు నగరం నదికి దక్షిణపు ఒడ్డున, కోవూరు ఉత్తరపు ఒడ్డున ఉన్నాయి. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇక్కడ నది వెడల్పయిన ఇసుకమేట. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలు, తుపానులు తెచ్చే వానలతో అదే నది గట్లు ఒరుసుకొని పారుతుంది.

ఈ స్వభావమే ఇక్కడి నడకను నిర్ణయించింది. ఎండ నెలల్లో జనం నదికి అడ్డంగా ఇసుకలో నడిచి ఆవలి ఒడ్డుకు చేరేవారు. వాన నెలల్లో నదికి పొడుగునా కట్ట మీద నడిచేవారు. ఈ రెండు నడకలూ కలిసే చోటు రేవు. నదీతీరపు ఊళ్లకు రేవులు ఎంత ముఖ్యమో, రేవుకు దారితీసే డొంకలు అంత ముఖ్యం. పశువులు, బండ్లు, మనుషులు నడవడానికి పొలాల మధ్య విడిచిన దారిని గోదావరి ప్రాంతంలో పుంత అంటారు. నెల్లూరు సీమలో డొంక అంటారు. రేవు, డొంక, కట్ట అనే మూడు మాటలతో ఈ తీరపు నడకదారుల పటాన్ని దాదాపు పూర్తిగా గీయవచ్చు.

వరదనీరు ఊళ్లమీదికి, మాగాణి మీదికి పొర్లకుండా వేసిన మట్టికట్టను ఇక్కడ పొర్లుకట్ట అంటారు. పేరులోనే దాని పని ఉంది. నడక కోసం ఎవరూ దాన్ని కట్టలేదు. కానీ చుట్టూ బురద ఉన్నప్పుడు ఎత్తుగా, గట్టిగా, ఎడతెగకుండా సాగే నేల అదొక్కటే. అందువల్ల అదే ఊరికీ ఊరికీ మధ్య బాట అయింది. మట్టి జారకుండా పట్టుకునే గడ్డి, చెట్టు కట్టకు అవసరం కనుక, అదే నీడ ఉన్న బాట కూడా అయింది.

ఈ కట్టలను నిలబెట్టింది గ్రామాల శ్రమ. కాలువలు, చెరువుకట్టలు బాగుచేసుకోవడానికి గ్రామస్థులు వంతులవారీగా పనిచేసే ఆచారాన్ని కుడిమరామత్తు అనేవారు. ఆ ఆచారానికి ఒక భాగంలో వలస ప్రభుత్వం చట్టరూపం ఇచ్చింది. 1858 నాటి మద్రాసు నిర్బంధ శ్రమ చట్టం, చెరువులకు, నదులకు, కాలువలకు గండ్లు పడే ప్రమాదం ఏర్పడినప్పుడు గ్రామంలోని శ్రామికులను పనికి రప్పించే అధికారాన్ని కల్పించింది. దీనిలోని నిర్బంధాన్ని విస్మరించరాదు. గండి పూడ్చడానికి రాత్రివేళ పిలుపు వచ్చింది భూస్వామికి కాదు, కూలికి. అయినా ఈ చట్టం ఒక వాస్తవాన్ని ధ్రువపరుస్తున్నది: కట్ట ఎవరి కాగితాల్లో ఉన్నా, అది నిలిచింది ఊరి చేతుల మీద. కట్ట మీద నడిచే హక్కుకు నైతికమైన మూలం ఇక్కడే ఉంది.

3. పుల్లరి: నదీతీర పచ్చిక మీద తొలి వివాదం

నెల్లూరు సీమలో ఏటి ఒడ్డు పచ్చికలో తిరిగే హక్కు ఎవరిదన్న ప్రశ్న సాహిత్యంలో అతి ప్రసిద్ధంగా కనిపించేది కాటమరాజు కథలో. 13వ శతాబ్దపు నేపథ్యం గల ఈ యాదవ వీరగాథాచక్రాన్ని తంగిరాల వెంకటసుబ్బారావు సేకరించి, పరిష్కరించి, పరిశోధించారు. కరవు వల్ల ఆలమందలతో తరలివచ్చిన కాటమరాజుకు నెల్లూరు పాలకుడు నల్లసిద్ధి పచ్చికభూములలో మేపుకోవడానికి అనుమతి ఇస్తాడు. అందుకు ప్రతిగా చెల్లించవలసిన పుల్లరి విషయంలో వివాదం రేగి, చివరికి పాలేటి ఒడ్డున యుద్ధమవుతుంది. తిక్కన సోమయాజి దాయాది ఖడ్గతిక్కన ఆ యుద్ధంలో మరణించాడని సంప్రదాయం.

ఈ కథను వీరరస దృష్టితో చదవడం పరిపాటి. నడకదారుల చరిత్రకు ఇందులోని మూలవివాదం మరింత విలువైనది. పుల్లరి అంటే పచ్చిక మేపుకు చెల్లించే పన్ను. పన్ను ఉందంటే, ఆ పచ్చిక ఎవరూ పట్టించుకోని బీడు కాదని అర్థం. పాలకుడు దాన్ని తన ఆదాయంగా భావించాడు. పశుపాలకులు దాన్ని తమ జీవిక దారిగా భావించారు. మంద కదిలే దారి, మేత దొరికే నేల, నీరు తాగే రేవు ఒకదాని నుంచి ఒకటి విడదీయలేనివి. ఒక్కదానికి అడ్డం పడితే మిగిలిన రెండూ నిష్ప్రయోజనమవుతాయి. ఈ విధంగా చూస్తే, నదీతీర పచ్చదనంలోకి ప్రవేశం ఎవరి అనుమతితో జరగాలన్న చర్చ నెల్లూరు సీమకు కొత్తది కాదు. అది కనీసం ఏడు శతాబ్దాల నాటిది.

4. క్షేత్రయాత్ర, దూరయాత్ర

పశువుల దారి తరువాత చెప్పుకోవలసింది భక్తుల దారి. నెల్లూరులో పెన్నా ఒడ్డునే తల్పగిరి రంగనాథస్వామి ఆలయం ఉంది. నగరానికి పడమట, నదికి దక్షిణాన వేదగిరి నరసింహకొండ. నదికి ఉత్తరాన జొన్నవాడ కామాక్షమ్మ ఆలయం. ఈ మూడు క్షేత్రాలను కలిపి చూస్తే నది రెండు ఒడ్డులనూ స్పృశించే ఒక నడక వలయం కనిపిస్తుంది. తిక్కన నెల్లూరులో పెన్నా ఒడ్డున భారత రచన సాగించాడన్న స్థానిక విశ్వాసం ఈ వలయానికి సాహిత్యగౌరవాన్ని కూడా జోడించింది.

పండుగల కాలాన్ని గమనిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. రంగనాథుని బ్రహ్మోత్సవాలు ఫాల్గుణంలో, జొన్నవాడ బ్రహ్మోత్సవాలు వైశాఖంలో జరుగుతాయి. రెండూ నదిలో నీరు తగ్గి ఇసుక తేలే నెలలే. వరద నెలల్లో విడిపోయిన రెండు ఒడ్డులు ఈ నెలల్లో ఒకే నేల అవుతాయి. తిథులకు ఆగమ కారణాలు వేరే ఉండవచ్చు. జనసమ్మర్దానికి మాత్రం నది అప్పుడే దారి ఇస్తుంది. జొన్నవాడలో సంతానం కోరి కొడిముద్దల కోసం వచ్చే స్త్రీలకు ఈ నడక మొక్కులో భాగం. ఇంటి గడప దాటడానికి కారణం చెప్పవలసిన రోజుల్లో, ప్రశ్నించడానికి వీలులేని కారణం క్షేత్రయాత్ర. స్త్రీలకు నదీతీర నడక దొరికిన సందర్భాలలో ఇది ముఖ్యమైనది.

నగరంలోని నెల్లూరు చెరువు ఒడ్డున బారా షహీద్ దర్గా వద్ద మొహర్రం నెలలో జరిగే రొట్టెల పండుగ ఈ కోవలోనిదే. కోరిక తీరినవారు నీటి ఒడ్డున రొట్టె ఇవ్వడం, కోరిక ఉన్నవారు రొట్టె పుచ్చుకోవడం ఇక్కడి ఆచారం. మతభేదం లేకుండా జనం పాల్గొంటారు. నీటి ఒడ్డు ఏ ఒక్కరి సొంతం కాకపోవడం వల్లనే ఇటువంటి ఇచ్చిపుచ్చుకోలు సాధ్యమైంది. నదికట్ట, చెరువుకట్ట నెల్లూరు సమాజంలో ఉమ్మడి స్థలాలుగా పనిచేశాయనడానికి ఇంతకంటె బలమైన సాక్ష్యం అక్కరలేదు.

దూరయాత్రికుల విషయానికి వస్తే, మద్రాసును ఉత్తరదేశంతో కలిపే తీరమార్గంలో నెల్లూరు ముఖ్యమైన మజిలీ. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తూర్పుతీర మార్గాన తిరిగివచ్చాడు. 1838లో అచ్చయిన అతని కాశీయాత్రచరిత్ర, దారిలోని ఊళ్లు, నదులు, సత్రాలు, దాటవలసిన రేవులను వరుసగా నమోదు చేసిన గ్రంథం. పల్లకి ఎక్కగలిగిన యాత్రికుడికి కూడా నది వద్ద అందరితో సమానంగా ఆగక తప్పలేదు. పల్లకిని మోసింది నడిచే బోయీలే అన్న సంగతి కూడా ఇక్కడ స్మరించాలి.

5. ఆనకట్ట, కాలువ, కొత్త బాటలు

19వ శతాబ్దపు మధ్యభాగంలో పెన్నా తీరం రూపురేఖలు మారాయి. 1855లో నెల్లూరు ఆనకట్ట, 1886లో ఎగువన సంగం ఆనకట్ట పూర్తయ్యాయి. నెల్లూరు ఆనకట్ట నుంచి జాఫర్ సాహెబ్ కాలువ, సర్వేపల్లి కాలువ వంటివి దక్షిణపు డెల్టాకు నీరు తీసుకువెళ్లాయి. నీటి చరిత్రగా ఇది సుపరిచితం. నడక చరిత్రగా దీని ఫలితం ఏమిటంటే, తవ్విన ప్రతి కాలువకూ ఇరువైపులా కట్టలు వెలిశాయి. ప్రతి కట్టా ఒక బాట అయింది. నది నుంచి సముద్రం వైపు అంతకుముందు పొలాల గట్ల మీద వంకరలు తిరుగుతూ సాగిన నడకకు, ఇప్పుడు కాలువ వెంట నీడతో, నీటితో కూడిన తిన్నని మార్గం దొరికింది. పంటకాలువ నీరు చేలకు ఎంత మేలు చేసిందో, దాని కట్ట బాటసారికి అంత మేలు చేసింది.

నడక ఒక వృత్తిగానే సాగిన బాట బకింగ్‌హాం కాలువ కట్ట. 1806లో బాసిల్ కొక్రేన్ మద్రాసు నుంచి ఎన్నూరు వైపు తవ్వించిన కాలువతో మొదలై, దశలవారీగా ఉత్తరానికి పెరిగి, నెల్లూరు తీరం పొడుగునా సాగి, చివరికి పెదగంజాం నుంచి మరక్కాణం వరకు సుమారు 420 కిలోమీటర్ల జలమార్గంగా ఇది రూపొందింది. ఇందులో సుమారు 257 కిలోమీటర్లు నేటి ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. 1876–78 నాటి ధాత కరవులో మద్రాసు నగరంలోని కూవం, అడయారు నదులను కలిపే భాగాన్ని కరవు పనిగా తవ్వించారు. అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు కాలువకు స్థిరపడింది. తవ్విన కూలీల పేర్లు మిగలలేదు.

ఈ కాలువలో గాలి అనుకూలిస్తే తెరచాప, లోతు తక్కువైతే గెడ, రెండూ పనికిరానప్పుడు తాడు. పడవకు తాడు కట్టి, ఆ తాడును భుజాన వేసుకొని, కట్ట మీద నడుస్తూ పడవను లాగేవారు. ధాన్యం, ఉప్పు, కట్టెలు ఈ విధంగా మద్రాసు చేరాయి. ఒక మహానగరపు పొయ్యి కింద మంట నెల్లూరు తీరపు కాలువకట్ట మీద నడిచిన పాదాలకు ఋణపడి ఉంది. లాగేవాడి నడక ఆగితే పడవ ఆగుతుంది కనుక కట్ట మీద అడ్డంకులు లేకుండా చూడటం జలరవాణాకు తప్పనిసరి. 1890 నాటి మద్రాసు కాలువలు, ప్రజారేవుల చట్టం ఈ జలమార్గాలను, రేవులను, వాటి సుంకాలను ఒక క్రమంలోకి తెచ్చింది. కట్ట మీద ఎడతెగని నడక అవసరమన్న దృష్టి ఆ రోజుల్లో రవాణా పాలనలోనే ఇమిడి ఉంది.

1899 నాటికి మద్రాసు–బెజవాడ రైలుమార్గం నెల్లూరు మీదుగా కలిసింది. క్రమంగా సరుకు రైలుకు, తరువాత లారీకి మళ్లింది. 20వ శతాబ్దపు రెండవ భాగంలో తుపానుల తాకిడి, పూడిక, నిర్వహణ లోపం వల్ల కాలువ చాలాచోట్ల పడవకు పనికిరాకుండా పోయింది. పడవతో పాటు కట్ట మీది నడకకు ఉన్న అధికారిక ప్రయోజనమూ పోయింది. 2008లో ఈ కాలువను 4వ జాతీయ జలమార్గంలో భాగంగా ప్రకటించారు. జలమార్గం పేరుతో నీరు గుర్తుకు వచ్చింది. కట్ట మీది బాట మాత్రం చర్చలోకి రాలేదు.

6. తోపుల చరిత్ర: పచ్చదనం ఎలా వచ్చింది?

నెల్లూరు తీరంలో నడిచేవారికి నేడు ఎక్కువగా కనిపించే పచ్చదనం సరుగుడు తోటలది. సర్వి అని కూడా పిలిచే ఈ చెట్టు ఈ తీరానికి సహజమైనది కాదు. ఆగ్నేయాసియా, ఆస్ట్రేలియా ప్రాంతాలకు చెందిన దీన్ని 19వ శతాబ్దంలో కోరమాండల్ తీరపు ఇసుకనేలల్లో విస్తృతంగా నాటారు. పెరుగుతున్న మద్రాసు నగరానికి, కొత్తగా వచ్చిన రైళ్లకు వంటచెరకు, ఇంధనం అవసరమయ్యాయి. త్వరగా పెరిగి, ఉప్పుగాలికి తట్టుకొని, ఎగిరే ఇసుకను పట్టి ఉంచే సరుగుడు ఆ అవసరాన్ని తీర్చింది. నేడు ప్రకృతి సౌందర్యంగా కనిపించే తోపు పుట్టుకలో ఇంధన విపణి ఉంది.

నదీగర్భంలో, కట్టల వాలున పెరిగే సర్కారు తుమ్మ కథా ఇటువంటిదే. అమెరికా ఖండానికి చెందిన ఈ ముళ్లచెట్టును 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటినట్లు అటవీశాస్త్ర రచనలు పేర్కొంటాయి. కమలాపురం పెన్నా పరీవాహకప్రాంతంలోని ఊరే. కరవు సీమకు వంటచెరకుగా వచ్చిన ఈ చెట్టు కాలక్రమంలో ఏటి వెంట దిగువకూ వ్యాపించింది. సుమారు 78 టీఎంసీల సామర్థ్యం గల సోమశిల జలాశయం 1989లో పూర్తయిన తరువాత దిగువన ప్రవాహం బాగా నియంత్రణకు లోనైంది. ఏటేటా వరద కడగని ఇసుకమేటల్లో ముళ్లకంప స్థిరపడటం సులభమైంది. ఉపగ్రహ చిత్రంలో పచ్చగా కనిపించే నేల అంతా నడవదగిన నేల కాదన్న వివేకం నదీతీర ప్రణాళికలకు అవసరం. పాతకాలపు తాడి, వేప, రావి ఉన్నచోట నీడ ఉంది, బాట ఉంది. కంప ఉన్నచోట పచ్చదనం ఉంది, బాట మూసుకుపోయింది.

7. నడవనివ్వని చట్టం, నడిపించిన ఉద్యమం

నదీతీరంలో నడిచే స్వేచ్ఛ అందరికీ ఒకేలా లేదన్న విషయాన్ని యానాదుల చరిత్ర తెలియజేస్తుంది. పెన్నా గట్లు, కాలువకట్టలు, ఉప్పుటేళ్లు, శ్రీహరికోట అడవి యానాదుల జీవనస్థలాలు. చేపల వేట, తేనె, మూలికల సేకరణ, చేల కాపలా వారి జీవిక. తీరపు బాటలు వారికంటె బాగా తెలిసినవారు లేరు. అటువంటి వారిలో కొన్ని సమూహాలను వలస ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం కిందికి తెచ్చింది. 1911లో మద్రాసు రాజధానికి విస్తరించి, 1924లో సవరించిన రూపంలో కొనసాగిన ఈ చట్టం కింద నమోదైనవారు హాజరు వేయించుకోవాలి. చెప్పకుండా ఊరు దాటితే శిక్షార్హులు. తరతరాలుగా నడిచిన బాట మీద నడవడమే నేరమైన స్థితి అది.

నెల్లూరుకు చెందిన వెన్నెలకంటి రాఘవయ్య ఈ అన్యాయానికి వ్యతిరేకంగా దీర్ఘకాలం పోరాడారు. యానాదుల సమస్యలే తన జీవితకార్యంగా స్వీకరించినందువల్ల ఆయన యానాది రాఘవయ్యగా ప్రసిద్ధులయ్యారు. మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952లో ఈ చట్టం రద్దయింది. నడకదారుల చరిత్రలో ఈ రద్దు ఒక కొత్త బాట వేసినంత ముఖ్యమైన ఘటన.

ఇదే కాలంలో, ఇదే తీరంలో, నడకను ప్రజాజీవిత సాధనగా మలచిన కేంద్రం కూడా వెలసింది. నెల్లూరుకు తూర్పున పెన్నా ఒడ్డున పల్లెపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని 1921 ఏప్రిల్ 7న గాంధీజీ ప్రారంభించారు. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య దీని స్థాపకులు. పొణకా కనకమ్మ 13 ఎకరాల భూమి సమకూర్చారు. దక్షిణాఫ్రికాలో గాంధీజీ సహచరుడైన పార్సీ రుస్తుంజీ భవనానికి పదివేల రూపాయలు ఇచ్చారు. ఖద్దరు ప్రచారం, అస్పృశ్యతా నివారణ ఆశ్రమ కార్యక్రమాలు. ఆనాటి పల్లెల్లో ఇవి ఇంటింటికీ నడిచి వెళ్లి చేయవలసిన పనులు. 1930లో ఉప్పు సత్యాగ్రహం నెల్లూరు తీరాన్ని కూడా కదిలించింది. అంతకుముందు ఉప్పు మోసుకొచ్చిన బాటలోనే, ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యాన్ని ధిక్కరించే జనం సముద్రం వైపు నడిచారు. నదీతీరాన్ని ఆశ్రమం ఎంచుకోవడానికి ఏకాంతం ఒక కారణమైతే, కట్ట వెంట అనేక పల్లెలకు కాలినడకన చేరగలగడం మరో సౌలభ్యం.

ఒకే నదీతీరం, ఒకే దశాబ్దాలు. ఒకవైపు కదలరాదని ఆంక్ష అనుభవించిన యానాది. మరోవైపు కదలికనే రాజకీయ ఆయుధంగా చేసుకున్న సత్యాగ్రహి. ఈ రెండింటినీ పక్కపక్కన ఉంచి చదివినప్పుడే నడిచే హక్కు విలువ పూర్తిగా తెలుస్తుంది.

8. చట్టంలో బాట, పటంలో బాట

రెవెన్యూ లెక్కల్లో నదీతీరపు ఉమ్మడి నేలలు పోరంబోకు అనే శీర్షిక కింద కనిపిస్తాయి. వాగు పోరంబోకు, కాలువ పోరంబోకు, డొంక పోరంబోకు వంటివి దాని విభాగాలు. శిస్తు రాని నేల అన్న అర్థంలో మొదలైన ఈ మాట, వాడుకలో పనికిరాని నేల అన్న ఛాయను సంతరించుకుంది. ఉమ్మడి స్థలాల నష్టానికి ఈ అర్థవిపరిణామం కూడా తోడ్పడింది. శిస్తు లేదన్నది ఖజానా దృష్టి. ప్రయోజనం లేదన్నది ఊరి దృష్టి ఎన్నడూ కాదు.

1905 నాటి మద్రాసు భూ ఆక్రమణల చట్టం ఈ విషయంలో శ్రద్ధగా చదవదగినది. ప్రజామార్గాలు, వీధులు, బాటలు, నదులు, చెరువులు, కాలువల గర్భాలు మొదలైనవాటిని ప్రభుత్వ ఆస్తిగా ఆ చట్టం ప్రకటించింది. అయితే ఆ ప్రకటనకు ఒక పరిమితిని కూడా అక్కడే చేర్చింది. నడకహక్కులకు, ఇతర ప్రజాహక్కులకు, చట్టబద్ధంగా కొనసాగుతున్న ఆచారహక్కులకు లోబడి మాత్రమే అది ప్రభుత్వ ఆస్తి. మొదటి భాగాన్ని పాలనాయంత్రాంగం బాగా గుర్తుంచుకుంది. రెండవ భాగం మరుగున పడింది. కట్ట ప్రభుత్వానిదే అయినా, దాని మీద జనం నడిచే హక్కును చట్టం రద్దు చేయలేదని ఈ నిబంధన తెలియజేస్తుంది.

హక్కు చట్టంలో ఉన్నంత మాత్రాన నిలవదు. పటంలో కూడా ఉండాలి. ఈ విషయంలో ఇంగ్లండు అనుభవం ఉపయోగపడుతుంది. అక్కడ 1949లో చేసిన చట్టం ప్రజల కాలిబాటలను సర్వే చేసి, అధికారిక పటాల్లో నమోదు చేసే బాధ్యతను స్థానిక సంస్థలకు అప్పగించింది. ఒకసారి పటంలో చేరిన బాట ఉనికికి ఆ పటమే సాక్ష్యం. పడవలు లాగడానికి వాడిన థేమ్స్ నది కట్టబాట చాలామేరకు ఈ విధంగా నిలిచి, 1996లో సుమారు 294 కిలోమీటర్ల జాతీయ నడకమార్గంగా ప్రారంభమైంది. పడవ లాగే పని పోయినా బాట పోలేదు. బకింగ్‌హాం కాలువ కట్టకూ థేమ్స్ కట్టకూ పుట్టుకలో పోలిక ఉంది. తరువాతి గతిలో లేదు. ఆ తేడాకు వాతావరణం, ప్రవాహం వంటి కారణాలు కొన్ని ఉన్నా, బాటను బాటగా నమోదు చేయడమన్నది అందులో ముఖ్యమైనది.

9. నేటి స్థితి

2021 నవంబరులో పెన్నాకు వచ్చిన వరద కట్ట విలువను కొత్త తరానికి చూపింది. పడుగుపాడు వద్ద రైలుపట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది; జాతీయ రహదారి మీద రాకపోకలు స్తంభించాయి. రైలు, రహదారి రెండూ ఆగిన ఆ రోజుల్లో కట్ట తెగిన చోట ఊళ్లు మునిగాయి, నిలిచిన చోట జనానికి దారి మిగిలింది. 2022 సెప్టెంబరు 6న సంగం, నెల్లూరు బ్యారేజీలు ప్రారంభమయ్యాయి. వంతెనలతో కూడిన ఈ బ్యారేజీలు రెండు ఒడ్డులను వాహనాలకు మరింత దగ్గర చేశాయి. పాత ఆనకట్టల కాలం అక్కడితో ముగిసి, నదితో నగరసంబంధంలో కొత్త దశ మొదలైంది.

ఈ దశలో నదీతీర నడకమార్గాల గురించి ఆలోచించేవారు మూడు విషయాలను దృష్టిలో ఉంచుకోవాలి. మొదటిది, ఎడతెగని బాట. నగరపరిధిలో ఒక కిలోమీటరు అందంగా తీర్చిదిద్ది, దాని రెండు కొనలూ మూసివేస్తే అది తోట అవుతుంది గాని దారి కాదు. జొన్నవాడ నుంచి పల్లెపాడు మీదుగా సముద్రం వరకు ఉన్న పాత అనుసంధానమే ఈ తీరపు ప్రత్యేకత. రెండవది, ప్రవేశం. టికెట్టు, గేటు, వేళలు పెట్టిన మరుక్షణం పశువుల కాపరి, చేపల బుట్ట మోసే స్త్రీ, కట్ట మీద గుడిసె వేసుకున్న యానాది కుటుంబం ఆ బాటకు పరాయివారవుతారు. పుల్లరి వివాదం వేరే రూపంలో తిరిగి వస్తుంది. మూడవది, కట్ట ప్రధాన ధర్మం. పొర్లుకట్ట మొదట వరదను ఆపాలి; తరువాతే నడకకు ఉపయోగపడాలి. కట్టను చదును చేసి, వెడల్పు తగ్గించి, చెట్ల వేళ్లను కాంక్రీటుతో కప్పి వేసే నడకబాట, కట్టనూ బాటనూ రెండింటినీ బలహీనపరుస్తుంది.

10. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

పెన్నా తీరపు నడకదారులు విహారం కోసం పుట్టలేదు. వరదరక్షణ, పశుపాలన, క్షేత్రయాత్ర, సేద్యం, జలరవాణా అనే అవసరాలు వాటిని కల్పించాయి. తీరంలోని పచ్చదనంలో అధికభాగం, సరుగుడు తోపులతో సహా, ఆ అవసరాల ఉపఫలమే.

కట్ట మీద నడిచే హక్కు కట్టను కాపాడే శ్రమతో ముడిపడి పెరిగింది. ఆ శ్రమ గ్రామం చేతుల నుంచి తొలగి, కాంట్రాక్టు పనిగా మారినకొద్దీ హక్కు కూడా మాటల్లోంచి, లెక్కల్లోంచి జారిపోయింది. అయినా చట్టం దాన్ని తొలగించలేదు.

నడిచే స్వేచ్ఛ సమాజంలో సమానంగా పంపిణీ కాలేదు. యానాదుల అనుభవం, క్షేత్రయాత్ర ద్వారా స్త్రీలు సాధించిన కదలిక, సత్యాగ్రహుల నడక ఒకే తీరపు చరిత్రలోని భిన్న అధ్యాయాలు.

నదీతీర గ్రామాల సర్వే పటాలలోని డొంకలు, రేవులు, కట్టలను నేటి నేలతో సరిపోల్చి, స్థానికంగా వాడుకలో ఉన్న పేర్లతో సహా నమోదు చేయడం తక్షణం జరగవలసిన పని. తీరప్రాంత కళాశాలల చరిత్ర, తెలుగు, భూగోళ శాఖలు కలిసి చేపట్టదగిన క్షేత్రపరిశోధన ఇది. పేరు తెలిసిన బాటను ఆక్రమించడం కష్టం. పేరు మరచిన బాటకు హద్దురాయి కూడా మిగలదు. కొత్త నడకబాటకు నమూనా గీయడానికి ముందు, పాత బాటల జాబితా సిద్ధం కావాలి.